దోసకాయ ముక్కకు 43 నత్తలు

మా తమ్ముడికి బెంగళూరు బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ తన చేపల తొట్టిని గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి హాల్లో దింపి పోయాడు. రెండడుగుల తొట్టి, 60 లీటర్ల నీళ్లు, ఆరు మోలీలు, పది దాకా గప్పీలు. "రోజుకు చిటికెడు మేత వెయ్యక్కా, చాలు" అన్నాడు.

తొట్టి బోసిగా ఉందని జనవరిలో అరండల్‌పేట వెళ్లి ఒక కట్ట హైడ్రిల్లా తెచ్చాను. మన చెరువుల్లో పెరిగే నాచే. ఇంటికి రాగానే కవరు విప్పి అలాగే తొట్టిలో వేసేశాను. పది రోజులకు అద్దం మీద ఆవగింజంత చుక్క కనిపించింది. తుడవబోతే నడిచింది.

వెతికితే ఆకుల అడుగున జిగురు బొట్లు. ఉడికిన సగ్గుబియ్యం గింజలా పారదర్శకంగా, లోపల సన్నటి చుక్కలు. అవి నత్త గుడ్లు. కట్టతో పాటు అవీ వచ్చాయన్నమాట.

నాకు టెన్షన్ ఎక్కువ. ఆదివారం తొట్టంతా ఖాళీ చేసి ఇసుకను బియ్యం కడిగినట్టు కడిగాను. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. చేపల విసర్జనలో ఉండే అమ్మోనియాను విరిచేసే బ్యాక్టీరియా కాపురముండేది ఆ స్పాంజిలోనే. మున్సిపాలిటీ నీళ్లలోని క్లోరిన్‌కు అది చచ్చింది. మూడో రోజుకు నీళ్లు కుడితిలా తయారయ్యాయి, రెండు మోలీలు పోయాయి. నత్తలు మాత్రం రెండు వారాల్లో మళ్లీ హాజరు. మొక్కలకు అంటుకున్న గుడ్లు నా కంట పడలేదు మరి.

తెలిసినవాళ్లు ఒక మందు చెప్పారు. సీసా మీద చదివితే కాపర్ సల్ఫేట్. అంటే మైలుతుత్తం. మా నాన్న సున్నంతో కలిపి నిమ్మచెట్లకు కొట్టేవాడు కాబట్టి దాని సంగతి నాకు తెలుసు. నత్తలు చస్తాయి, నిజమే. కానీ వందల నత్తలు ఒకేసారి చచ్చి ఇసుకలో కుళ్లితే మళ్లీ అదే అమ్మోనియా. సీసా పక్కన పెట్టేశాను.

అప్పుడు తీరిగ్గా కూర్చుని చూస్తే నత్తలు మూడు రకాలు. బుడ్డగా గోధుమరంగులో, చకచకా తిరిగేవి ఒక రకం. మొన పైకి పెట్టి చూస్తే గుల్ల నోరు ఎడమ వైపు ఉంటుంది. వీటికి జోడీ దొరక్కపోయినా ఒక్కటే గుడ్లు పెట్టేయగలదు. రెండోవి జిలేబీ చుట్టలా ఉంటాయి. మూడోవి సన్నగా మొనదేలి, అచ్చం మిరపకాయలా. గుంటూరు కదా! ఇవి పగలంతా ఇసుకలో దూరి రాత్రి బయటికొస్తాయి. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి, మగది లేకుండానే. పైగా తొట్టిలో పోసేది మా బోరు నీళ్లు. బకెట్లకు తెల్ల పొర కట్టే నీళ్లలో గుల్ల కట్టుకోవడానికి కావలసిన కాల్షియం దండిగా ఉంటుంది.

చివరికి పనిచేసింది పప్పులోకి తెచ్చిన దోసకాయ. రాత్రి లైటు ఆర్పాక ఒక చెక్క కోసి, స్టీలు చెంచాకు గుచ్చి అడుక్కి దించాను. తెల్లవారుజామున 5 గంటలకు, పాలవాడు రాకముందే పైకి తీస్తే దాని మీద నత్తల జాతర. లెక్కపెట్టాను, 43. రెండో రోజు 38. తీసినవాటిని ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే పోతాయని ఎక్కడో చదివాను గానీ, ఇడ్లీపిండి పక్కన నత్తలు పెడితే మా అత్తయ్య నన్నే బయట పెడుతుంది. వేడినీళ్లలో వేసి మందారం కుండీలో పూడ్చాను. కాలవలో పోయడానికి మనసొప్పలేదు. ఆ నత్తలు అక్కడివో కాదో ఎవరికి తెలుసు?

వారం తీసినా లెక్క తగ్గలేదు. ఎనిమిదో రోజు చెంచా పట్టుకుని కూర్చుని ఉంటే అత్తయ్య స్నానం చేసి వచ్చి, మూత పక్కకు జరిపి, గుప్పెట్లోంచి అన్నం మెతుకులు రాల్చింది.

"అత్తయ్యా, అదేంటి?"

"నోళ్లు తెరుచుకుని చూస్తంటే ఎట్టా పెట్టకుండా ఉండేది అమ్మాయ్? రోజూ పెడతన్నాగా."

సాయంత్రం మా ఆయన్ని అడిగాను. కొట్టు కట్టేసి వచ్చాక టీవీ చూస్తూ ఆయనా రోజూ చిటికెడు వేస్తున్నాడట. మధ్యాహ్నం నేను వేస్తాను. మూడు పూటలా భోజనం! చేపలు వదిలేసింది అడుక్కి చేరుతుంది, అక్కడ నత్తలు పంక్తికి కూర్చుంటాయి. మిగులు ఉన్నంతకాలం నేను 43 తీస్తే ఇంకో 50 పుడతాయి.

అత్తయ్య బీపీ మాత్రల పాత డబ్బా ఒకటి ఉంది, వారానికి ఏడు గదులు. ఆదివారం కూర్చుని ఏడింటిలో చిటికెడు చిటికెడు మేత పోసి తొట్టి పక్కన పెట్టాను. ఆ రోజు గది ఖాళీగా ఉంటే చేపలు తిన్నట్టే, ఇంకెవరూ వెయ్యకూడదు. నెల తిరిగేసరికి దోసకాయ ముక్కకు ఏడెనిమిది మించి పడటం లేదు. మిరపకాయ నత్తల్ని నేను తీయడం మానేశాను. ఇసుకను అవే తిరగేస్తుంటాయి, నాకు ఒక పని తప్పింది.

మొన్న గురువారం మధ్యాహ్నం చూస్తే గురువారం గది ఖాళీ, శుక్రవారం గదీ ఖాళీ.

"రేపు నాకు ఉపవాసం కదమ్మాయ్, ఆ నీరసంలో గుర్తుంటదో ఉండదో అని ఇవాళే వేశా" అంది అత్తయ్య.

ఆ రాత్రి మళ్లీ దోసకాయ కోశాను.