రెండు రోజులు కీప్యాడ్ ఫోన్‌తో

మొన్న ఫోన్ చేయి జారి తెర పగిలింది. రిపేరుకిచ్చి, అట్టడుగున పడున్న పాత కీప్యాడ్ ఫోన్ బయటికి తీశాను.

మొదటి రోజంతా బొటనవేలు ఆ చిన్న గాజు మీద ఊరికే పైకీ కిందికీ జరుగుతూనే ఉంది. ఏమీ కదలదు! నవ్వొచ్చింది కానీ, కొంచెం భయం కూడా వేసింది. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ వేదికెక్కి, స్టైలస్ (తెర మీద రాసే పుల్ల) ఎందుకు, వేళ్లు చాలవా అన్నట్టు ఐఫోన్ చూపించాడు. ఆయన ఆ రోజు తేల్చేసిన విషయం ఇన్నేళ్ల తర్వాత నా వేలికి అలవాటై కూర్చుంది. నన్నెవరూ అడగలేదు మరి.

2014లో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈవో అయినప్పుడు 'మనవాడే' అని స్టేటస్ పెట్టి మురిసిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మర్నాడు కూడా ఆఫీసులో అదే ఎక్సెల్, అదే తిప్పలు. అది వేరే సంగతి.

ఈ రెండు రోజుల్లో ఎక్కువగా గుర్తొచ్చింది మాత్రం టిమ్ బెర్నర్స్-లీ. వెబ్ కనిపెట్టింది ఆయనే. 1993లో ఆయన పనిచేసిన సెర్న్ అనే పరిశోధన సంస్థ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆయన ఫొటో చూపిస్తే మా ఇంట్లో ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎలాన్ మస్క్‌నైతే పిల్లలు కూడా టక్కున చెప్పేశారు.

ఇవాళ ఫోన్ వచ్చింది. ఇది రాస్తూ మధ్యలో మూడుసార్లు నోటిఫికేషన్లు చూసుకున్నాను.