కందిపప్పు ప్యాకెట్టు, నా కుడి భుజం

మలక్‌పేటలోని ఒక బడిలో పాఠాలు చెప్పే నాకు, బోర్డు పై వరుసలో రాయడానికి చెయ్యెత్తితే భుజం బయటి వైపున సలుపు రావడం నిరుడు వేసవి సెలవుల ముందు మొదలైంది. మెట్రోలో వేలాడే పట్టీ అందుకోలేక, మేడమీద దండెంపై బట్టలు ఆరవేయలేక, సెలవులన్నీ కుడి చేతికి విశ్రాంతి ఇచ్చాను. పక్కింటి పిన్నిగారైతే "షుగర్ చూపించుకున్నావా అమ్మా, అది ఫ్రోజెన్ షోల్డరే" అని తేల్చేశారు.

ఆ మాట నిజం కాదని ఫిజియోథెరపిస్టు మొదటి రోజే చెప్పారు. కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎదుటివారు తిప్పినా చెయ్యి బయటికి సరిగా తిరగదు, నాకు తిరిగింది. పక్కనుంచి ఎత్తేటప్పుడు సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య నొప్పి పుట్టి, ఆపైన తగ్గడం రొటేటర్ కఫ్ నొప్పికి తెలిసిన గుర్తు. భుజం కీలులో ఎముక తల పెద్దది, అది కూర్చునే గుంట చిన్నది, కాబట్టి దానిని పట్టి నిలిపే భారం నాలుగు కండరాలది. వాటిని ఎముకకు కలిపే టెండన్ల సముదాయమే ఈ కఫ్. (కింద పడ్డాక ఉన్నట్టుండి చెయ్యి లేవకపోతే సంగతి వేరు, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.)

టెండన్ తన మీద పడే బరువును బట్టి సత్తువ పెంచుకుంటుంది, పని లేకపోతే పోగొట్టుకుంటుంది. సెలవుల్లో నాకు నొప్పితోపాటు తట్టుకునే శక్తీ తగ్గినట్టుంది, బడి తెరిచిన వారానికే కథ మళ్లీ మొదటికి వచ్చింది.

అందుకే ఫిజియోథెరపిస్టు విశ్రాంతికి బదులు వ్యాయామాలు నేర్పారు. మొదట మోచెయ్యి వంచి, చేతి వెనుక భాగాన్ని గోడకు ఆనించి, భుజం కదలకుండా నెట్టడం. తరువాత కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండును లాగడం. ఆ తరువాత ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకొని, అరకిలో కందిపప్పు ప్యాకెట్టుతో ముంజేతిని పైకి లేపడం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, కానీ మర్నాటి ఉదయానికి అది మునుపటి స్థాయికి దిగిపోవాలి, దిగకపోతే బరువు తగ్గించాలి అన్న ఒక్క నియమం నా భయాన్ని చాలావరకు పోగొట్టింది.

అంతకుముందు వెళ్లిన ఒక క్లినిక్కులో ఇరవై సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమన్నారు. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, ఇలాంటి నొప్పి ఉన్న 708 మందిలో, వ్యాయామాలు ఒక్కసారి నేర్పించి ఇంటికి పంపినవారికీ, ఆరు దఫాల వరకు దగ్గరుండి చేయించినవారికీ ఏడాది కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి వారాల్లో స్వల్ప ఉపశమనమే ఇచ్చింది. అది చదివాక ఆ ప్యాకేజీ వదులుకున్నందుకు నాకు చింత లేదు.

మూడో వారానికి తేడా ఏమీ తెలియక మానేద్దామనుకున్నాను. పన్నెండో వారానికి గాని బోర్డు పై వరుస అందలేదు. అటక మీది ఆవకాయ జాడీని దించడం మాత్రం ఇంకా మావారి పనే.