మావాడి పాత మియాటా

మావాడికి పదహారు నిండగానే కారు గొడవ మొదలైంది. మిషిగన్‌లో బస్సుల్ని నమ్ముకుంటే ఎక్కడికీ పోలేం, కారు తప్పదని మాకూ తెలుసు. వాడు పట్టుబట్టింది మాత్రం 1999 మాజ్డా మియాటా కోసం. టాపు తీసేసే స్పోర్ట్స్ కారు అనగానే వాళ్ళమ్మ ససేమిరా అంది. ఉన్నవి రెండే సీట్లు, ఫ్రెండ్స్‌ని గుంపుగా ఎక్కించుకోవడం కుదరదని తెలిశాక మెత్తబడింది. ఇంజను కూడా 140 హార్స్‌పవరే, మా వ్యాన్‌కే అంతకన్నా ఎక్కువ.

కొనేటప్పటికే లక్షన్నర మైళ్ళు తిరిగిన బండి. ఇంజన్లో వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా కదిలేలా చూసేది టైమింగ్ బెల్టు. దీనికి దాన్ని 60,000 మైళ్ళకోసారి మార్చాలి. పాత ఓనరు దగ్గర రసీదుల్లేవు. రసీదు లేదంటే మార్చలేదనే లెక్క. ఈ ఇంజన్లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగిలి పాడవ్వవు గానీ, హైవే మీద కారు ఉన్నపళంగా ఆగిపోతుంది. నాకు ఆ టెన్షన్ చాలు. ఎలాగూ ముందు భాగమంతా విప్పుతాం కాబట్టి వాటర్ పంపు, ఆయిల్ సీళ్ళు కూడా అప్పుడే మార్చేయాలి. సామాను చవకే, మెకానిక్ కూలీయే మోత. అందుకని గరాజ్‌లో మేమే మొదలుపెట్టాం.

వీడియో కాల్‌లో మనవడి చేతులకున్న గ్రీజు చూసి మా అమ్మ గగ్గోలు పెట్టింది. "ఒరే, చదువుకునే పిల్లాడికి ఈ మెకానిక్ పనులేంట్రా? డబ్బులకేమైనా ఇబ్బందా?"

ఆవిణ్ణి అనడానికి లేదు. మేం పెరిగిన తెనాలిలో చేతికి మసి అంటకుండా బతకడానికే చదువు. నాకు మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా ఉంది గానీ స్పానర్ పట్టిన చెయ్యి కాదు. స్కూటర్ ఆగితే షెడ్డులో కుర్రాడు చూసుకునేవాడు. వాడికప్పుడు మావాడి వయసే. పేరేంటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇక్కడ మా పక్కింటాయన డాక్టరు, ఆదివారం కారు కింద దూరి ఆయిల్ తనే మార్చుకుంటాడు. మావాడు చూస్తూ పెరిగింది ఆయన్ని. ఈ విషయంలో మాత్రం వాడికి ఇక్కడి పద్ధతే అబ్బాలి.

బెల్టు ఎక్కించాక వాల్వుల్ని తెరిచి మూయించే రెండు క్యామ్ పుల్లీలు పైనుంటాయి, వాటి మీది I, E గుర్తుల మధ్య 19 పళ్ళు ఉండాలి. నేను తెలుగులో, వాడు ఇంగ్లీషులో లెక్కపెట్టాం. నాకు 19, వాడికి 18. "నాన్నా, మళ్ళీ" అని టార్చి దగ్గరగా పెట్టి, ఈసారి నాతోపాటు తెలుగులోనే పైకి లెక్కపెట్టాడు. పదమూడు దాటాక తడబడ్డాడు గానీ 19 దగ్గరే ఆగాడు. తర్వాత ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూసుకున్నాం.

చలికాలం ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పుకి అది చాలు. దానికితోడు సీట్ల వెనక వాన నీళ్ళు పోయే దారులు మూసుకుపోతే తలుపుల కింద లోపల్నుంచీ తుప్పు తినేస్తుంది. వాటిల్లో ఆకులూ మట్టీ తీసేశాం. ఇక క్లచ్ పెడల్ నొక్కిన ఒత్తిడిని క్లచ్‌కి అందించే స్లేవ్ సిలిండర్ కారుతోంది. దాని ఖర్చు వాడి వేసవి ఉద్యోగం డబ్బుల్లోంచే. నాయనమ్మకి మాత్రం చెప్పొద్దన్నాడు, ఈసారి కారు కిందికే దూరాలి.