పాపకి చెప్పే వెళ్ళాలి

మేముండే ఊరు హెర్ట్‌సోగెనౌరాఖ్. నోరు తిరగకపోతే ఇక్కడివాళ్ళలాగే హెర్ట్‌సో అనేసుకోండి. జర్మనీలో బవేరియా రాష్ట్రం, న్యూరెంబర్గ్‌కి దగ్గర. జనం పాతికవేల దాకా ఉంటారంతే. అయినా అడిడాస్, పూమా రెండూ పుట్టింది ఈ ఊళ్ళోనే. డాస్లర్ అన్నదమ్ములు కలిసి బూట్ల కంపెనీ నడిపి, ఒకరంటే ఒకరికి పడక 1948లో విడిపోయారు. అప్పట్లో ఇక్కడ ఎవరైనా ఎదురుపడితే ముందు కాళ్ళకి ఏ కంపెనీ బూట్లున్నాయో చూసి, ఆ తర్వాతే మాట కలపాలో వద్దో తేల్చుకునేవాళ్ళని ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో పెద్ద కంపెనీ షేఫ్లర్, బేరింగులు తయారుచేస్తుంది. మాలాంటి కుటుంబాలు ఇంత చిన్న ఊరికి వస్తున్నాయంటే ఈ కంపెనీల వల్లే. రైలు లేదు. ప్యాసింజర్ రైళ్ళు 1984లోనే ఆపేశారు. రైలెక్కాలంటే ముందు పక్కనున్న ఎర్లాంగెన్ ఊరికి బస్సెక్కాలి.

ఉద్యోగం మా ఆవిడది. నేను ఖమ్మంలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, అది మానేసి పాపని తీసుకుని తన వెంట వచ్చాను. చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా "మరి నువ్వేం చేస్తున్నవ్ అక్కడ?" అంటారు. పాపని చూసుకుంటున్నా అంటే అవతల కాసేపు మాట ఉండదు. చూసుకుంటున్నాను, అది పెద్ద పనే. ఈ ఊరు నాకు కాస్తో కూస్తో సొంతమయిందంటే ఆ పని వల్లే అయింది.

వచ్చిన కొత్తలో అన్నిటికంటే కష్టమనిపించింది నిశ్శబ్దం. రాత్రి ఎనిమిదయ్యేసరికి సూపర్ మార్కెట్లు మూసేస్తారు. ఆదివారం అసలే తెరవరు. గాంధీచౌక్ రద్దీలో పెరిగిన మనిషికి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వీధి మొత్తం ఖాళీగా కనిపిస్తే ఏదో జరగరానిది జరిగిందేమో అనిపిస్తుంది. చలికి, జర్మన్ భాషకి, చెత్తని నాలుగు రకాలుగా వేరుచేయడానికి మెల్లగా అలవాటు పడ్డాం. వాటి గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను రాయాలనుకున్నది పాప కిండర్‌గార్టెన్‌లో చేరినప్పటి సంగతి.

సీటు దొరికిందని ఉత్తరం వచ్చింది. దాంతోపాటు ఒక పెద్ద లిస్టు: లోపల వేసుకోవడానికి చెప్పులు, వానలో ఆడుకోవడానికి రబ్బరు ప్యాంటు, మార్చుకోవడానికి రెండు జతల బట్టలు, తట్టు టీకా వేయించినట్టు రుజువు. 2020 మార్చి నుంచి జర్మనీలో ఆ రుజువు లేకుండా పిల్లల్ని చేర్చుకోరు, అది చట్టం. ఖమ్మంలో టీకాలు వేయించిన కార్డు సూట్‌కేసులో అడుగున పెట్టి తెచ్చుకున్నాం. ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా టీకా) అని రాసున్న రెండు గడులు, పక్కన తేదీలు. ఇక్కడి పిల్లల డాక్టరుగారు వాటి మీద వేలు పెట్టి చూసి, వాళ్ళ పసుపురంగు పుస్తకంలోకి ఎక్కించి స్టాంపు కొట్టారు. మన కార్డు ఇక్కడ చెల్లిందని ఎంత సంతోషమేసిందో! కొత్తగా వచ్చేవాళ్ళు అన్నీ మర్చిపోయినా ఆ కార్డు మాత్రం మర్చిపోకండి.

చేరిన మొదటిరోజే పిల్లని వదిలేసి వచ్చేయడం ఇక్కడ ఉండదు. ఐన్‌గెవ్యోనుంగ్ అని, పిల్లని మెల్లమెల్లగా అలవాటు చేసే రోజులు కొన్ని ఉంటాయి. మా పాప వెళ్ళేచోట బెర్లిన్ పద్ధతి పాటిస్తారు. మొదటి మూడు రోజులు అమ్మో నాన్నో పిల్లతోపాటు గదిలో గంటసేపు కూర్చుని, మళ్ళీ కలిసే ఇంటికి వెళ్ళిపోవాలి. నాలుగోరోజు మొదటిసారి కొద్దిసేపు బయటికి వెళ్ళి చూస్తారు, అదీ అరగంటకి మించకుండా. ఆ రోజు సోమవారం కాకుండా చూసుకుంటారు. శని, ఆదివారాలు ఇంట్లో ఉండి వచ్చిన పిల్లకి సోమవారమే కష్టం కదా. ఏడ్చిన పిల్ల టీచర్ దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటుందా లేదా అన్నదాన్నిబట్టి తర్వాతి రోజులు సాగుతాయి. త్వరపడితే కుదరదు.

నేను గది మూలన పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. టీచర్ ముందే చెప్పారు: పాపని పిలవొద్దు, ఆడుకో పో అని తోయొద్దు, ఫోన్ చూడొద్దు, తనే వస్తే దగ్గరికి తీసుకోండి చాలు. పాప మొదట నా ప్యాంటు గుడ్డ పట్టుకుని నిలబడింది. తర్వాత చెక్కబొమ్మల బుట్ట దాకా వెళ్ళి ఒక ఆవుని తెచ్చి నా చేతిలో పెట్టింది. మళ్ళీ వెళ్ళి గుర్రాన్ని తెచ్చింది. అలా ఆ బుట్టలో జంతువులన్నీ నా ఒళ్ళోకి వచ్చాయి. వెళ్ళినప్పుడల్లా అక్కడ కాసేపు ఎక్కువ నిలబడుతోంది. పిల్ల నన్ను వదిలి ఎంత దూరం పోగలదో తనంతట తనే కొలుచుకోవడం అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూళ్ళేదు. ఖమ్మంలో క్లాసుకీ ట్యూషన్లకీ పరిగెడుతూ ఉంటే చూసే వీలూ ఉండేది కాదు.

బయటికి వెళ్ళే రోజు వచ్చింది. పాప బ్లాకులు పేరుస్తోంది. చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వెళ్ళబోయాను, మన ఇళ్ళల్లో అలాగే కదా చేస్తాం. టీచర్ నన్ను ఆపారు. పాప ముందు కూర్చుని చెప్పి వెళ్ళాలన్నారు. "ఏడుస్తుంది" అన్నాను. "ఏడవనివ్వండి, నేనున్నాను" అన్నారు.

పాప కళ్ళలోకి చూసి, "నాన్న బయటికెళ్ళి మళ్ళీ వస్తాడమ్మా" అని చెప్పాను. ఏడ్చింది. తలుపవతల కోట్లు తగిలించే కొక్కేల కింద, పిల్లల బూట్ల వరసల మధ్య నిలబడి ఆ ఏడుపు విన్నాను. గొంతు నాకే బిగుసుకుపోయింది. కాసేపటికి ఏడుపు వెక్కిళ్ళయింది, తర్వాత టీచర్ ఏదో పాట మొదలుపెట్టడం వినపడింది. లోపలికి వెళ్ళేసరికి పాప ఆవిడ ఒళ్ళో ఉంది. నన్ను చూసి దిగి పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు నాకు శంషాబాద్ ఎయిర్‌పోర్టు గుర్తొచ్చింది. మేం బయల్దేరిన రాత్రి పాప మా అమ్మ భుజం మీద నిద్రపోయింది. లేస్తే ఏడుస్తుందని అమ్మ నెమ్మదిగా నా చేతికిచ్చి వెనక్కి తిరిగి చూడకుండా కారెక్కింది. మన దగ్గర పెద్దవాళ్ళందరూ అంతే. అదిగో కాకి అని చూపించి ఇటు జారుకుంటారు. పిల్ల ఏడవకూడదనే ప్రేమతోనే చేస్తారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ హెర్ట్‌సో వచ్చాక చాలారోజులు పాప నిద్రలేవగానే నాయనమ్మ కోసం మూడు గదులూ వెతికేది. బాత్రూం తలుపు కూడా తోసి చూసేది. పడుకుంటే మనుషులు మాయమవుతారని అనుకుందో ఏమో, రాత్రుళ్ళు నిద్రకి మొండికేసేది. అదంతా ఆ కొక్కేల కింద నిలబడ్డప్పుడు అర్థమైంది నాకు.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకి చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. "ఏందిరా ఆ చదువు? పసిపిల్లకి ఏడుపు నేర్పిస్తరా?" అంది. ఏడుపు నేర్పడం కాదమ్మా, పోయినవాళ్ళు తిరిగొస్తారని నేర్పడం అన్నాను. "మరి నేను రాలేదుగా తిరిగి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కాసేపు పాప బొమ్మల గురించి మాట్లాడుకుని పెట్టేశాం. అయితే ఆ మర్నాటి నుంచి కాల్ కట్ చేసేముందు పాపని పిలిచి, "నాయనమ్మ అన్నానికి పోతుంది, రేపు మాట్లాడత" అని చెప్పి మరీ కట్ చేస్తోంది.

పాప కుదురుకుంది. దాంతోపాటు నేనూ. రోజూ అదే వేళకి గేటు దగ్గర కలిసే మనుషులు ఏర్పడ్డారు. సిరియా నుంచి వచ్చిన ఒక తండ్రి, నాలాగే జర్మన్ తడుముకుంటాడు. మా ఇద్దరికీ వచ్చిన మాటలు కలిపితే ఒక సంభాషణ అవుతుంది. ఎదురింటి పెద్దావిడ పాప పేరు తప్పులేకుండా పలకడం నేర్చుకుంది. నవంబరులో సెయింట్ మార్టిన్ పండక్కి పిల్లలు చేసిన కాగితం లాంతర్లు పట్టుకుని, చీకటి పడ్డాక వీధుల్లో పాటలు పాడుకుంటూ తిరిగాం. ఖమ్మంలో అప్పుడు కార్తీకమాసం. అమ్మ తులసికోట దగ్గర దీపం ఫోన్లో చూపిస్తే పాప తన లాంతరు చూపించింది.

ఇంట్లో జర్మనే మాట్లాడితే త్వరగా వస్తుందేమోనని నేను అడిగితే టీచర్ వద్దన్నారు. మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, జర్మన్ సంగతి మేం చూసుకుంటాం అన్నారు. నా మీదున్న పెద్ద బరువు దిగింది. పాప ఇప్పుడు బ్లాకులు జర్మన్‌లో లెక్కపెట్టి, పడిపోతే తెలుగులో తిడుతుంది. పొద్దున పాపని దింపి నేను ఇంటిగ్రేషన్ కోర్సుకి వెళ్తున్నాను. ఆరు వందల గంటలు భాష, వంద గంటలు ఈ దేశం సంగతులు. అది పూర్తయ్యాక మళ్ళీ పాఠాలు చెప్పే దారి వెతకాలి.

మనవాళ్ళలో కొందరు ఈ అలవాటు చేసే రోజుల్ని సెలవు దండగ అనుకుని, రెండు మూడు రోజుల్లో తేల్చేయమని టీచర్లని తొందరపెట్టడం చూశాను. దయచేసి అలా చేయకండి. ఆఫీసులో ముందే మాట్లాడుకుని కనీసం మూడు నాలుగు వారాలు వెసులుబాటు పెట్టుకోండి. తండ్రులు వెళ్ళండి, ఆ గదిలో కూర్చోండి.

వేసవిలో అమ్మ వస్తోంది. షెంగెన్ వీసా (యూరప్ దేశాలు చూడ్డానికిచ్చే వీసా) మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులకి మించి ఉండనివ్వరు కాబట్టి తిరుగు ప్రయాణం తేదీ ఇప్పటికే తెలుసు. ఎయిర్‌పోర్టులో పాపకి చెప్పే వెళ్ళాలని అమ్మని అడిగాను. "నేనేడుస్త గదరా" అంది. ఏడువమ్మా, పాప పక్కన నేనుంటాను అన్నాను. చూద్దాంలే అంది. టికెట్లు బుక్ చేశాను.