మా బాబు స్క్రైబ్‌తో పదో తరగతి పరీక్షలు రాసిన అనుభవం

మా బాబుకి డిస్‌గ్రాఫియా. కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే గడగడా చెబుతాడు. అదే జవాబు రాయమంటే అక్షరాలు తారుమారవుతాయి, రెండు పేరాలకే చెయ్యి పట్టేస్తుంది. బడిలో స్లిప్ టెస్టు నుంచి ప్రీఫైనల్ దాకా అన్నీ రాత పరీక్షలే కాబట్టి వాడికి ఏమీ రాదని ఏళ్ల తరబడి అనుకున్నారు. శ్రద్ధ లేదన్నారు, ఫోన్ ఎక్కువైందన్నారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయని మాకు పిల్లల డాక్టరు చెప్పారు. తొమ్మిదో తరగతిలో సర్టిఫికెట్ పని మొదలుపెట్టాం. క్లినికల్ సైకాలజిస్టు ముందు ఐక్యూ పరీక్ష, చదవడం, స్పెల్లింగు, చూసి రాయడం. "అమ్మా, ఇక్కడ కూడా రాయమంటున్నారు" అన్నాడు వాడు. నాకు కడుపులో దేవినట్టయింది. తర్వాత మెడికల్ బోర్డు. ఆ కాగితాలు జోడించి, వాడు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను పెట్టుకోనివ్వమని హెడ్మాస్టరు ద్వారా డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు దరఖాస్తు పంపాం.

మేం ఊహించని కష్టం స్క్రైబ్ దగ్గర వచ్చింది. స్క్రైబ్ కింది తరగతి వాళ్లై ఉండాలన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒప్పుకుంది, పాపం చాలా ఓపిక ఉన్న పిల్ల. కానీ సైన్ తీటా, కాస్ తీటా తనకి కొత్త. "రూట్ మొత్తానికా, పై అంకెకేనా?" అని అడిగేది. పక్కవాళ్లకి వినపడకుండా, తప్పు పోకుండా జవాబు చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. దాన్ని ఏ బడిలోనూ నేర్పరు. సంక్రాంతి సెలవుల నుంచి ఇద్దరినీ కూర్చోబెట్టి పాత పేపర్లు చేయించాం. మాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే.

గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. సెంటర్లో ఆ సంగతి తెలియకపోతే ఎలా అని నాకు ఒకటే టెన్షన్. అవనీ ప్రకాశ్ అనే అమ్మాయికి కూడా డిస్‌గ్రాఫియానే. నీట్‌లో అదనపు గంట ఇవ్వకుండా పేపరు లాక్కుంటే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అలా ఇవ్వకపోవడం తప్పని 2021 నవంబరులో కోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. మా సెంటర్లో చీఫ్ సూపరింటెండెంట్ గారు మంచివారు, విడిగా గది ఇచ్చారు.

బాబు పాసయ్యాడు. అయినా నా కోపం తగ్గలేదు. 80 మార్కుల పేపరు ఎవరు ఎంత వేగంగా రాయగలరో చూస్తోంది, ఎంత తెలుసో చూడటం లేదు. వాడు నోటితో చెప్పి సంపాదించుకున్నవి 20 ఇంటర్నల్ మార్కుల్లోనే. ప్రైవేటు బడులు వాటిని ఉదారంగా వేసేస్తాయన్న ఫిర్యాదు నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో వాటిని తీసేయాలని 2019లో నిర్ణయించారు కూడా. కానీ తీసేస్తే మా వాడిలాంటి పిల్లలు తమకు తెలిసింది ఎక్కడ చూపించుకోవాలి? ఎగ్జామినర్‌ను పంపి నోటి పరీక్ష పెట్టొచ్చు కదా. ప్రాక్టికల్స్‌కి ఇంటర్లో పంపుతూనే ఉన్నారు.

మీ పిల్లలకీ ఇదే ఇబ్బంది ఉంటే పదో తరగతి దాకా ఆగకండి, ఎనిమిదేళ్లు నిండితే సర్టిఫికెట్ ఇస్తారు. కొన్నేళ్లకు మళ్లీ పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది. అన్ని కాగితాలకూ జిరాక్సులు దాచుకోండి. స్క్రైబ్‌ను దసరాకల్లా మాట్లాడుకోండి.