ఉప్పు ఎవరు చూశారు

ఈరోజు ఆవకాయ తిరగకలిపారు. కలిపి మూడో రోజు కదా. నేను హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. వంటింట్లో జాడీ మూత తీసిన చప్పుడు, ఆ వెంటనే వాసన. తర్వాత మా తోడికోడలి గొంతు: "అమ్మాయ్, ఇలా వచ్చి కాస్త ఉప్పు చూడు."

పిలిచింది మా కోడల్ని.

అంతే, ఇంకేమీ జరగలేదు. రాత్రి పదకొండు దాటింది, ఇంకా అదే తొలుస్తోంది. కోడలు మంచిపిల్ల, మీకు తెలిసిందే. కానీ హైదరాబాదులో పెరిగిన నాలుక దానిది. ఊట నాలిక్కి తగలగానే "సరిపోయింది పిన్నీ" అనేసింది. మూడో రోజు ఉప్పు అంత తేలిగ్గా తేలేది కాదు. పైన తేలిన నూనె పక్కకు జరిపి, అడుగునున్న పిండి పైకి వచ్చేలా గరిటె దింపి, ముక్క కొరికి చూడాలి. పిండిలో ఉప్పు వేరు, ముక్కకి పట్టిన ఉప్పు వేరు. తక్కువైతే ఆ రోజే కలపాలి, లేకపోతే శ్రావణానికల్లా బూజు. ఈ ఇంట్లో మా అత్తగారు పోయిన దగ్గర్నుంచీ ఆ ముక్క కొరికేది నేనే. ఈసారి కాయలు కొనేటప్పుడు కూడా నన్ను రైతుబజారుకి తీసుకెళ్లలేదు. టెంక ముదిరిందో లేదో ఎవరు చూశారో ఏమో.

నాకు ఉప్పు వద్దన్నారు, నిజమే. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు, అంటే చెంచా కూడా నిండదు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుందట. బలం తగ్గిన గుండె ఆ నీటిని తోయలేదు, అది కాళ్లలోకో ఊపిరితిత్తుల్లోకో చేరుతుంది. ఇదంతా డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు, నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంట్లోవాళ్ల సంగతి. తినొద్దంటే చూడొద్దనా? నాలుక మీద వేసుకుని ఉమ్మేసేదాన్ని కదా.

ఎకోలో, అంటే గుండెకి తీసే స్కానింగులో, గుండె పంపింగు నూటికి 32 వచ్చిందని చెప్పినప్పుడు, పిల్లలకి లెక్కలు చెప్పిన అలవాటు కొద్దీ, "పాస్ మార్కు 35 కదండీ, ఇంకో మూడు కలపండి" అన్నాను. డాక్టరుగారు నవ్వారు. నూటికి నూరు ఎవరికీ రాదని, గుండె బాగున్నవాళ్లకి కూడా 55 నుంచి 70 మధ్యే ఉంటుందని, మందులు పడితే కొందరికి పెరుగుతుందని చెప్పారు. ఈయన మాత్రం నవ్వలేదు. ఆ రోజునుంచీ సరిగ్గా నవ్వలేదు.

అసలు మందులకంటే ఈయన్ని భరించడం కష్టంగా ఉంది. నాతో గొడవ పడటం మానేశారు. టీవీ రిమోటు నా చేతికే ఇస్తున్నారు. ఉప్మా మాడితే "బాగుంది" అని తినేస్తున్నారు. నిన్న చూద్దామని, కావాలనే, "మీ చెల్లెలు వట్టి పిసినారి" అన్నాను. ఈ మాట మీద మా ఇంట్లో ఎన్ని పండగలు పాడయ్యాయో మీకు చెప్పక్కర్లేదు. "అవునులే" అన్నారు! ఆ "అవునులే" విన్నాక నాకు నిజంగా భయం వేసింది. డాక్టరుగారు నాకు చెప్పనిదేదో ఈయనకి చెప్పారేమో అనుకున్నాను. ఫైలు తీసి మళ్లీ మొదటినుంచీ చదివాను. అందులో కొత్తగా ఏమీ లేదు.

ఇక నీళ్లు. అన్నీ కలిపి రోజుకి లీటరున్నర. మజ్జిగ, కాఫీ, చారు అన్నీ ఆ లెక్కలోవే. గుంటూరు ఎండల్లో లీటరున్నర! పొద్దున్నే కోడలు సీసా నింపి నా ముందు పెడుతుంది, సాయంత్రానికి ఎంత మిగిలిందో వచ్చి చూస్తుంది. ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్ర వేసుకున్నాక పదకొండింటిదాకా గడప దాటే పని లేదు, బాత్రూము దగ్గర్లోనే ఉండాలి. దీనికి తోడు పక్కింటావిడ. టేబుల్ మీద డాపాగ్లిఫ్లోజిన్ చూసి, "అయ్యో, షుగరు కూడా వచ్చిందా?" అని మొదలుపెట్టింది. లేదమ్మా, మొదట షుగరుకే తెచ్చిన మందు గుండెకీ మేలు చేస్తోందని తేలింది, అందుకే ఇచ్చారు అని చెప్పాను. నమ్మలేదు. కాకరకాయ రసం పంపించింది. అదీ లీటరున్నర లెక్కలోదే.

ఈ జాడీ గోలంతా నాన్నని గుర్తుకు తెచ్చింది. నిజానికి పొద్దుటినుంచీ గుర్తొస్తూనే ఉన్నాడు, నేనే పక్కకి నెడుతున్నాను.

రెండో కానుపుకి తెనాలి వెళ్లిన వేసవి అది. నాన్న రాత్రిళ్లు వరండాలో పడక కుర్చీలో కూర్చునేవాడు. పడుకోడు. పసివాడికి పాలివ్వడానికి లేచినప్పుడల్లా కిటికీలోంచి కనిపించేవాడు, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, కళ్లు మూసుకోకుండా. "పడుకోరాదా నాన్నా" అంటే "పడుకుంటే ఊపిరి ఆడటంలేదమ్మా, కూర్చుంటే హాయిగా ఉంది" అనేవాడు. అందరం ఆయాసం అనుకున్నాం. గ్యాసు అని ఒకళ్లు, వేడి చేసిందని ఒకళ్లు. పాదాలకి నీరు పట్టింది, చెప్పుల పట్టీ అచ్చు సాయంత్రానికి లోతుగా దిగేది. మా పెద్దాడికి అప్పుడు మూడేళ్లు. తాతయ్య కాలు వాడికి ఆటవస్తువు. బొటనవేలితో నొక్కేవాడు, అక్కడ గుంట పడేది, అది పూడేదాకా ఇద్దరూ వేళ్లు లెక్కపెట్టేవాళ్లు. "తాతయ్యా, ఇంకోటి." నాన్న కాలు చాపేవాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే నేనూ నవ్వాను. మా అమ్మ పెరుగన్నంలో ఆవకాయ ముక్క వేసి తెచ్చేది, ఒకటి చాలదంటే రెండోది. రాత్రి పూట ఆయన ఇష్టంగా తినేది అదొక్కటే. కార్తీకం దాకా ఉన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్న కాఫీకి ముందు నా బరువు నేనే చూసుకుంటాను. రాత్రికి రాత్రి కిలో పెరిగితే ఫోన్ చెయ్యమన్నారు. పుస్తకంలో రాసుకున్నాక మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కుతాను. గుంట పడకపోతే ఆ రోజుకి ధైర్యం. ఈ నొక్కుకోవడం ఎవరికీ తెలియదు, ఇక్కడే రాస్తున్నాను.

మొదలుపెట్టినప్పుడు రాయాలనుకున్నది వేరు. నాన్నకి పెట్టినట్టే నాకూ పెట్టండి, అడిగింది ఇవ్వండి, మామూలుగా ఉండనివ్వండి అని రాద్దామనుకున్నాను. రాస్తుంటే ఆ పడక కుర్చీ దగ్గరే ఆగిపోతున్నాను. ఆయన్ని అందరం మామూలుగానే చూశాం. కావలసింది తిన్నాడు, ఎవరూ సీసా కొలవలేదు, ఎవరూ "అవునులే" అనలేదు. అయినా ఆ రాత్రిళ్లు ఒక్కడే కూర్చున్నాడు. ఊపిరి ఎందుకు అందటం లేదో ఆయనకి చెప్పినవాళ్లు లేరు, ఆయన అడిగాడో లేదో కూడా నాకు తెలియదు. నాకు కనీసం బొమ్మ గీసి చెప్పారు. చుట్టూ ఇంతమంది కాపలా.

కాపలా మంచిదే, ఒప్పుకుంటాను. మధ్యాహ్నం నాకు వచ్చిన కోపం ఇప్పుడు సగం కూడా లేదు. మిగిలిన సగం మాత్రం న్యాయమైనదే అని ఇప్పటికీ అంటాను. కాపలా కాసేవాళ్లు మాట్లాడొచ్చు కదా. మా తోడికోడలు నన్ను పిలవకపోవడం ప్రేమకొద్దీనే, నా నోరు ఊరుతుందని. ఆ సంగతి నా మొహం చూసి చెబితే సరిపోయేది. ఇంట్లో అందరూ ఫోన్లు పట్టుకుని వరండాలోకి వెళ్లి మాట్లాడుతున్నారు. పెద్దాడు పుణె నుంచి ఫోన్ చేసి "బరువెంతమ్మా?" అంటాడు, చెప్పగానే "నాన్నకివ్వు" అంటాడు. పోయినసారి డాక్టరుగారు మందులన్నీ రాశాక, పెన్ను కింద పెట్టి, "మనసెలా ఉంటోందమ్మా?" అని అడిగారు. "బాగానే ఉంది" అన్నాను. పక్కన ఈయన ఉన్నారు మరి. దీపం ఆర్పాక రెండు దిండ్ల మీద వాలి, ఇది నిద్రా కాదా అని అనుమానంతో పడుకుంటున్నానని ఈయన ముందు ఎలా చెప్పను? అలా చెబితే ఇక ఈయన అసలు నిద్రపోరు.

గురువారం మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలి. క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షల రిపోర్టులు రేపు తెచ్చుకోవాలి. శంకర్ విలాస్ బ్రిడ్జి పనులు మొదలయ్యాక కొత్తపేట చేరేసరికి ఆటోలోనే ఓపిక అయిపోతోంది, కాబట్టి ముందే బయల్దేరాలి. పెద్దాడి గృహప్రవేశానికి రైల్లో పుణె దాకా వెళ్లొచ్చా అన్నది అడగాలి. పోయినసారి నేను నోరు తెరిచేలోపే ఈయన "వెళ్లదులెండి డాక్టరుగారూ" అన్నారు. ఈసారి ఈయన్ని బయట కుర్చీల్లో కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్తాను. మనసు సంగతి కూడా అప్పుడే చెబుతాను. ఈయన ఒప్పుకోరు, గొడవ అవుతుంది. అయితే అవనీ, ఎన్నాళ్లయిందో గొడవపడి.