అట్టముక్క మీద మూడు చుక్కలు

పొద్దున్నే లేచి కారు కింద నుంచి అట్టముక్క లాగాను. మూడు చుక్కలు. వేలికి రాసుకుని చూస్తే జిడ్డుగా, ముదురు గోధుమ రంగులో ఉంది. ఏసీ నీళ్లయితే తేటగా ఉండేవి, కూలెంట్ అయితే తియ్యటి వాసన వచ్చేది. ఇది ఇంజిన్ ఆయిలే. ముందు డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. మట్టం రెండు గుర్తుల మధ్యే ఉంది, కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

చుక్కలు సరిగ్గా సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద పడ్డాయి. సంప్ గ్యాస్కెట్ (అతుకులోంచి ఆయిల్ కారకుండా ఆపే సీలు) పోయిందనే అనుకున్నాను మొదట. కానీ ఆయిల్ ఎక్కడ కారినా చివరికి చేరేది అక్కడికే. పైగా బండి వేగంగా వెళ్తుంటే గాలికి వెనక్కి కూడా పాకుతుంది. చుక్క పడిన చోటుని నమ్మి పార్టులు మారిస్తే డబ్బులు దండగ. అందుకే జిడ్డు వదిలించే డిగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఇంజిన్ అంతా శుభ్రంగా తుడిచాను. గంటన్నర పట్టింది. తరవాత 20 నిమిషాలు తిప్పుకొచ్చి, టార్చి పట్టుకుని పై నుంచి కిందికి వెతికాను.

ఇంజిన్ పైన మూతలా ఉండే వాల్వ్ కవర్ వెనక మూలలో, బోల్టు పక్కన, చెమట పట్టినట్టు సన్నటి తడి. గుడ్డతో అద్దాను. కాసేపటికి మళ్లీ అదే మెరుపు. అక్కణ్ణుంచి దారంలాంటి గీత ఒకటి కిందికి దిగింది, ఇంకోటి ఎగ్జాస్ట్ వైపు వెళ్లింది. వారం నుంచి సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడల్లా వస్తున్న మాడు వాసన ఇదన్నమాట! వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ పడితే మంటే అంటుకోవచ్చు, తలుచుకుంటేనే భయమేసింది.

బోల్టు ఇంకో చుట్టు బిగించేద్దామని చెయ్యి లాగింది కానీ ఆగాను. ఎక్కువ బిగిస్తే గ్యాస్కెట్ నలిగిపోతుంది, కవరే పగలొచ్చు. దాని బదులు ఇంజిన్ లోపలి వాయువుల్ని వదిలే పీసీవీ వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపాను. ఈ రకంది గలగలమనాలి. చప్పుడే లేదు, లోపలంతా మడ్డి పట్టేసింది. ఆ వాయువులు బయటపడే దారి మూసుకుపోతే ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. గ్యాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ.

రెండూ ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేదాకా కారు తియ్యను. సాయంత్రం కొత్త అట్టముక్క పరిచి, మూలన ఇవాళ్టి తేదీ రాసి వచ్చాను.